బామ్మగారు చదివిన కామెంట్లు

మా సీరియల్ బామ్మగారికి చదవడం రాదన్న సంగతి పదకొండేళ్లపాటు ఇద్దరికే తెలుసు. ఒకరు ఆవిడ, రెండోవాణ్ణి నేను. ఇద్దరిలో ఎవరమూ నోరు జారలేదు. అయినా అది నా వల్లే బయటపడింది. చెప్పుకుంటే సిగ్గుచేటు, చెప్పకపోతే తిన్నది ఒంటబట్టడం లేదు.

నా పని ప్రాంప్టింగ్. మా సీరియల్లో గొంతులు తర్వాత కలుపుతారు కాబట్టి, కెమెరా పక్కన నిలబడి నేను డైలాగు గట్టిగా చదువుతాను, నటులు విని అదే అంటారు. అత్తగారి తిట్లూ నావే, కోడలి ఏడుపూ నాదే. అందుకే సెట్లో నన్ను రేడియో అంటారు.

బామ్మగారు చిన్నప్పుడే నాటకాల కంపెనీలో చేరిన మనిషి. ఎంత పెద్ద పాత్రయినా చెవితోనే పట్టేసేవారు. మొదటి ఏడాది ఒకరోజు సీన్ పేపరనుకుని లైట్ల సామాను జాబితా ఆవిడ చేతిలో పెట్టాను. కళ్లజోడు సవరించుకుని, పైనుంచి కిందిదాకా చూసి, "ఏడుపు కాస్త ఎక్కువైనట్టుంది నాయనా" అన్నారు.

నాకు నవ్వు రాలేదు. "అవునమ్మా, ఓసారి చదువుతా వినండి" అని కాగితం మార్చేశాను. అప్పటినుంచి ప్రతి సీనుకు ముందు ఆవిడ పక్కన స్టూలు వేసుకుని చదివి వినిపించేవాణ్ణి. చూసినవాళ్లు రిహార్సలనుకునేవారు. ఆ విషయం మేమిద్దరమూ ఒక్కనాడూ మాటల్లోకి తెచ్చుకోలేదు.

కిందటేడు మా పైవాళ్లకు కొత్త బెంగ పట్టుకుంది. కుర్రకారు టీవీ ముందు కూర్చోదు, ఫోను ముందునుంచి లేవదు. అందుకని సీరియల్లోని ముగ్గురు మనవళ్లనూ కాలేజీలో చేర్పించి, ఫోన్లో చూసుకునే పదేసి నిమిషాల కథ ఒకటి మొదలుపెట్టారు. దాని డైరెక్టరు పాతికేళ్ల అమ్మాయి. అక్కడ మాటలు అప్పటికప్పుడే రికార్డవుతాయి, కాబట్టి రేడియో పలకకూడదు. నాకు అందులో పనే లేదు.

బామ్మగారే ఆ అమ్మాయితో మాట్లాడారు. ఇన్నేళ్లూ అందరి మాటలూ వీడే చెప్పాడు, వీడి మొహం మాత్రం ఎవరూ చూడలేదు, ఏదో ఒక వేషం ఇవ్వమ్మా అన్నారట. కాలేజీ క్యాంటీన్ ఓనరు వేషం దొరికింది. మొత్తం నాలుగు డైలాగులు. మా ఆవిడ ఆ సాయంత్రానికల్లా ముగ్గురు చెల్లెళ్లకూ ఫోన్లు చేసేసింది. నేను మాత్రం తక్కువ తిన్నానా, అద్దం ముందు నిలబడి ఏ పక్కనుంచి బాగుంటానో చూసుకున్నాను.

ఆ కథలో బామ్మగారు మనవళ్లకు ఫోన్ చేసి చీవాట్లు పెట్టే సీన్లు పిల్లలకు తెగ నచ్చేశాయి. దాంతో ఒక శనివారం నాలుగింటికి ఆవిణ్ణి లైవ్‌లో కూర్చోబెట్టి, చూసేవాళ్లు పెట్టే కామెంట్లు ఆవిడ చేతే చదివిద్దామన్నారు. ఆవిడ సరేనన్నారు. కాదంటే ఎందుకని అడుగుతారు కదా.

నా దగ్గరికొచ్చి, ఏం చేద్దామన్నట్టు చూశారు. ఉపాయం నేనే చెప్పాను. జుట్టు చాటున చెవిలో ఇయర్‌ఫోన్ పెడదాం, నేను పక్క గదిలో కూర్చుని నా ఫోన్లో కామెంట్లు చూసి అందులోంచే చదువుతుంటాను, మీరు విని చెప్పేయండి అన్నాను.

"నువ్వుంటే నాకేం భయం నాయనా" అన్నారు ఆవిడ.

శనివారం మూడున్నరకు ఇయర్‌ఫోన్ సరిచూసి పక్క గదిలోకి వెళ్లాను. నాలుగుకు పది నిమిషాలుందనగా అసిస్టెంటు వచ్చి, వెలుతురు పోతోంది, క్యాంటీన్ సీను ఇప్పుడే తీసేస్తున్నారు, రమ్మన్నాడు. అరగంట ఆగమని అడగొచ్చు. అడిగితే నా క్యాంటీన్ ఓనరు ఏప్రన్ ఇంకొకడికి కట్టేస్తారేమోనని భయం. పోనీ బామ్మగారికి ఒక మాట చెప్పొచ్చు. చెబితే ఆవిడ వెళ్లొద్దంటారేమో. లైవ్ ఏనాడు టైముకి మొదలైంది, నాలుగు ముక్కలు చెప్పి వచ్చేయనూ అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఫోను ఆపి జేబులో వేసుకుని వెళ్లిపోయాను.

కెమెరా ముందు నిలబడగానే నోరు పెగల్లేదు. ఊరందరికీ మాటలు అందించినవాణ్ణి, నా నాలుగు మాటలూ మర్చిపోయాను. తొమ్మిది టేకులు తిన్నాను. తొమ్మిదోదాకా బామ్మగారు గుర్తుకే రాలేదు. ఇదీ నేను దాచుకోవాలనుకున్న మాట.

ఫోను తెరిచేసరికి లైవ్ సగం దాటింది. బామ్మగారు హాయిగా నవ్వుతున్నారు. తెరమీద కామెంట్లు ఒకదాని వెనక ఒకటి పరిగెడుతున్నాయి. కాలేజీకి ఎప్పుడొస్తారని ఒకడు రాశాడు. ఆవిడ తెరవైపు వంగి చూసి, మోకాళ్ల నొప్పి ఎలా ఉంది బామ్మా అంటున్నాడమ్మా ఈ బాబు అన్నారు. చెవిలో నేను లేకపోయేసరికి, పిల్లలు ఏం రాస్తారో ఊహించుకుని చదివేస్తున్నారు. మొదట అందరూ హాస్యమనుకున్నట్టున్నారు. ఇంతలో ఎవరో అమ్మాయి, బామ్మకు చదవడం రాదు అని రాసింది. కింద నవ్వు బొమ్మలు కుప్పపోశారు.

ఆవిడ సరిగ్గా ఆ కామెంటు మీదే వేలు పెట్టారు.

"ఈ అమ్మాయి ఏమంటోందంటే, బామ్మా, నువ్వంటే నాకు చాలా ఇష్టం అంటోంది. నాకూ నువ్వంటే ఇష్టమే తల్లీ."

నేను పరిగెత్తుకెళ్లేసరికి అయిపోయింది. ఆవిడ గదిలోంచి బయటికొచ్చి, ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టి, నా ఏప్రన్ వైపు చూశారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడినా బాగుండేది.

"నీ షాట్ బాగా వచ్చిందా?"

"వచ్చిందమ్మా."

"పోన్లే. నేనూ ఎలాగో నెట్టుకొచ్చాను. ఎవరికీ తెలీలేదులే నాయనా."

వరండాలో ప్రతివాడి చేతిలోని ఫోన్లోనూ ఆవిడ బొమ్మే ఆడుతోంది. "అవునమ్మా, ఎవరికీ తెలీలేదు" అన్నాను. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఏమిటో అంతవరకూ సామెతగానే తెలుసు నాకు.

లైవ్‌లోని ఆ ముక్క కత్తిరించి ఎవరో నెట్‌లో వదిలారు. ఆదివారం ఆవిడ ఇంట్లోవాళ్లు ఆవిడకు చూపించారు. మా మరదళ్లు ముగ్గురూ చూసి, ఈవిడేనా మీ బామ్మగారు అని మా ఆవిణ్ణి అడిగారు. క్యాంటీన్ సీను గురించి ఇంట్లో నేను ఎత్తలేదు.

సోమవారం మామూలు సీరియల్ షూటింగు. ఆవిడ వస్తారో రారోననుకున్నాను. తొమ్మిదింటికే వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. శనివారం ఎక్కడికి పోయావని అడుగుతారేమో, అడిగితే కాళ్ల మీద పడదామని సీన్ పేపరు పట్టుకుని వెళ్లి, ఎప్పటిలా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. గొంతు సవరించుకున్నాను.

ఆవిడ నా చేతిలోంచి కాగితం మెల్లగా తీసుకున్నారు. లైట్లవాళ్లు, తోటి నటులు, డైరెక్టరు అందరూ అక్కడే ఉన్నారు. అవతల గోడ దగ్గరున్న మేకప్ అమ్మాయిని పిలిచారు. మంచినీళ్లు అడిగినంత మామూలుగా అడిగారు.

"అమ్మాయ్, ఇలా రామ్మా. నాకు చదవడం రాదు. ఇది కాస్త చదివి పెట్టు."

ఆ అమ్మాయి వచ్చి, కూర్చోవడానికి చోటు కోసం అటూ ఇటూ చూసింది. నేను లేచి స్టూలు ఇచ్చాను.