పైన దేవుడికి, కింద మామ్మగారికి

అమెరికాలో, అరోరాలోని మా ఇంటి బేస్‌మెంట్‌లో శనివారం పారాయణం మొదలుపెట్టినప్పుడు మావారికి ఒక ఆలోచన వచ్చింది. చదివేవాళ్లం కింద, దేవుడి గది పైన. స్వామికి వినపడకపోతే ఎలా? అందుకని హోమ్ థియేటర్ ముందు స్పీకర్లకి వెళ్లే వైర్లతోనే ఇంకో జత వైర్లు మెలిపెట్టి, దేవుడి గదిలో రెండు చిన్న స్పీకర్లు అమర్చారు. ఆ భక్తికి మురిసిపోయాను.

అప్పటినుంచి మూడు వారాలూ పారాయణం సగంలోనే ఆగిపోయింది. రికార్డింగ్ వింటూ మేమూ చదువుతుంటే, ఆంప్లిఫైయర్ టక్కుమని ఆగిపోయేది. దాని మీద చెయ్యి పెడితే పెనంలా కాలేది.

పక్కింటి అమ్మాయి అత్తగారికి చెవులు సరిగా వినపడవు. చెవి మిషన్ పెట్టుకుంటే కూత పెడుతోందని తీసేసి, స్పీకర్ పక్కనే కూర్చుని దాని చెక్కకి అరచెయ్యి ఆనించేవారు. ఆ మామ్మగారి కోసమే సౌండ్ పెంచేవాళ్లం. నాలుగో శనివారం మర్నాడే ఆవిడ ఇండియా ప్రయాణం. ఒక్కసారైనా మొదటినుంచి చివరిదాకా వినాలని ఆవిడ కోరిక. మిగిలింది ఒక్క శనివారం.

మూడోసారి ఆగినప్పుడు, "మీకు కూడా కరెంటు కోతలా అమ్మా?" అన్నారు మామ్మగారు.

"దిష్టి అక్కా, డెఫినెట్‌గా దిష్టే. నిమ్మకాయ కట్టు," అంది ఆవిడ కోడలు.

"దిష్టీ లేదు, ఏమీ లేదు. దీనికి పవర్ చాలట్లేదు. పెద్ద ఆంప్ ఆర్డర్ చేస్తా, పది రోజుల్లో వచ్చేస్తుంది," అన్నారు మావారు.

"పది రోజులకి మామ్మగారు విజయవాడలో ఉంటారండీ. ముందు నన్ను మాన్యువల్ చదవనివ్వండి."

"మాన్యువల్ ఎవరైనా చదువుతారా?"

నేను చదువుతాను. నేను బడికి వెళ్లలేదు, నాన్నగారే ఇంట్లో చదువు చెప్పారు. తెలియని మాట వస్తే దాన్ని దాటి ముందుకు పోనిచ్చేవారు కాదు. ఆ రుణం తీరేది కాదు.

బుధవారం వంట ముగించి కూర్చున్నాను. ఆంప్‌కి తగిలించే స్పీకర్లు ఆరు ఓమ్స్‌కి తగ్గకూడదని మాన్యువల్‌లో ఉంది. ఓమ్స్ అంటే స్పీకర్ కరెంటుకి పెట్టే అడ్డుకి కొలత. మా స్పీకర్లన్నిటి వెనకా ఎనిమిదని రాసి ఉంది. మరి తప్పెక్కడ? ఇంకో నాలుగు పేజీలు తిప్పాక దొరికింది. రెండు జతల్ని ఒకేచోట కలిపితే ఎనిమిది కాస్తా నాలుగవుతుందట. అంకె తగ్గేకొద్దీ ఆంప్ మీద బరువు పెరుగుతుంది. పాపం, అది తన ప్రాణం కాపాడుకోవడానికే ఆగిపోతోంది! రెండో గది వైర్లు బిగించడానికని దాని వెనక వేరే టెర్మినల్స్ ఉన్నాయి. మేం ఒక్కనాడూ వాటిని తాకలేదు.

మెలిపెట్టిన వైర్లు నేనే విప్పాను. దేవుడి గది వైర్లు వాటి చోట బిగించి, సెట్టింగ్స్‌లో రెండో గదిని ఆన్ చేశాను. మావారు టార్చ్ పట్టుకుని, "అంతేనా?" అన్నారు.

"అంతేనండీ."

శనివారం సౌండ్ బాగా పెంచాం. ఎప్పుడూ ఆగే శ్లోకం దగ్గరికి వచ్చేసరికి అందరి చూపూ ఆంప్ మీదే. ఆ శ్లోకం దాటింది. దాని తర్వాతదీ దాటింది. మావారు పైకి పరుగెత్తి, "ఇక్కడా ఖంగుమంటోంది!" అని కేకేశారు. ఆంప్ మీద చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా ఉంది, అంతే.

చివరి శ్లోకం అయ్యి, రికార్డింగ్‌లో మంగళహారతి మొదలైంది. మామ్మగారు స్పీకర్ మీదనుంచి చెయ్యి తీసి, రెండు చేతులూ జోడించి కాసేపు కళ్లు మూసుకున్నారు. తర్వాత నావైపు తిరిగి, "అంతా విన్నానమ్మా. ఇంక కాస్త తగ్గించు తల్లీ, చెవులు గింగురుమంటున్నాయి," అన్నారు.

స్వామికి మనసులోనే దండం పెట్టుకుని సౌండ్ తగ్గించాను.