దున్నపోతుకి వీసా అక్కర్లేదు

ఆ రోజుల్లో మాకు వీసా మీద ఉన్న భయభక్తులు దేవుడి మీద కూడా ఉండేవి కావు. దేవుడు తప్పు చేస్తే క్షమిస్తాడని చిన్నప్పటి నుంచీ విన్నాం. ఇమిగ్రేషన్ ఆఫీసర్ గురించి అలాంటి మాట ఎవరూ చెప్పలేదు. అందుకే ఎమ్మెస్ చదువుకునే మేమంతా పాస్‌పోర్టుల్ని దేవుడి పటం వెనకాల దాచుకునేవాళ్ళం (ఇద్దరూ ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటారని). పక్క రాష్ట్రం వెళ్ళాలన్నా నలుగురు సీనియర్లని అడిగిగానీ కదిలేవాళ్ళం కాదు. అంత జాగ్రత్త గలవాణ్ణి ఒకే ఒక్క మాట నమ్మి బోర్లా పడ్డాను. ఆ మాట 'హోం గేమ్'.

మాది మైదానాల మధ్య ఒక చిన్న యూనివర్సిటీ ఊరు. పేరెందుకు లెండి. స్టూడెంట్ వీసా వాళ్ళు క్యాంపస్ బయట పని చేయకూడదు. క్యాంపస్ లోపల లైబ్రరీలో కూర్చునే ఉద్యోగాలూ, కెఫెటేరియాలో ప్లేట్లు కడిగే ఉద్యోగాలూ మా సీనియర్లు ఆస్తిలాగా పంచేసుకున్నారు. నేను చేరేసరికి మిగిలింది ఒక్కటే, యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకి దున్నపోతు ఉద్యోగం. కంగారు పడకండి. ఇక్కడ ప్రతి జట్టుకీ ఏదో ఒక జంతువు గుర్తుగా ఉంటుంది. ఆట జరుగుతున్నంత సేపూ ఒక మనిషి ఆ జంతువు వేషం వేసుకుని మైదానం అంచున గంతులేస్తూ జనానికి హుషారెక్కించాలి. మా జట్టు గుర్తు అడవి దున్న. మా నాన్న నా చిన్నప్పటి నుంచీ నన్ను ఏ పేరుతో పిలిచేవాడో ఆ పేరుకి అమెరికా వాళ్ళు యూనిఫాం కుట్టించి, పైన జీతం కూడా ఇచ్చారు. ఫోన్‌లో చెబితే నాన్న, "మొత్తానికి నిన్ను సరిగ్గా గుర్తుపట్టారురా" అన్నాడు.

ఆ ఉద్యోగం ఇచ్చిన స్పోర్ట్స్ ఆఫీసు ఆవిడని మేం ఆసమ్ మేడం అనేవాళ్ళం. వాన పడినా, ఎండ కాసినా, మేం ఓడిపోయినా ఆవిడ నోట వచ్చే మాట అదొక్కటే. "నీకు డాన్స్ వచ్చా?" అని అడిగింది. వచ్చన్నాను. నాకు వచ్చిందల్లా వినాయక నిమజ్జనం ఊరేగింపులో డప్పు వెనకాల నేర్చుకున్న తీన్‌మార్. ఆఫీసులోనే రెండు స్టెప్పులేసి చూపించాను. "ఆసమ్!" అంది. ఆ శనివారమే కొమ్ముల తలకాయ తగిలించుకుని స్టేడియంలో తీన్‌మార్ వేస్తే జనం ఊగిపోయారు. అడవి దున్న అలాగే ఎగురుతుంది కాబోలనుకున్నారు పాపం.

ఆ వేషానికి రెండే నియమాలు. జనంలో తలకాయ తీయకూడదు, నోరు విప్పి మాట్లాడకూడదు. లోపల ఉన్నది ఎవరో ఆసమ్ మేడానికీ, మా రూమ్మేట్లకీ తప్ప తెలియదు. ఇంకొకావిడకి కూడా తెలుసు. స్టేడియంలో ఏళ్ళ తరబడి పాప్‌కార్న్ అమ్మే ఒక ముసలావిడ ఉండేది. మాకు ఆవిడ పాప్‌కార్న్ మామ్మ. మొదటి ఆటలోనే ఇంటర్వెల్‌లో నన్ను బండి వెనక్కి లాగి, దున్నపోతు నోట్లోంచి ఒక స్ట్రా లోపలికి దోపి చల్లటి నీళ్ళు తాగించింది. "నీ దగ్గర ఏదో పచ్చడి వాసన వస్తోంది హనీ, బావుంది" అంది. అది మా అమ్మ పంపిన ఆవకాయ. ఆ తరవాత ప్రతి ఆటకీ ఆ స్ట్రా నా కోసం సిద్ధంగా ఉండేది.

అలా సుఖంగా గడుస్తుండగా ఒక కబురొచ్చింది. మా జట్టు రాబోయే సీజన్‌లో ఒక హోం గేమ్‌ని, అంటే సొంత ఊళ్ళో సొంత మైదానంలో ఆడాల్సిన ఆటని, ఐర్లండ్‌లో ఆడుతుందట. ప్రత్యర్థులు కారులో వెళితే మధ్యాహ్న భోజనం వేళకి చేరిపోయే పక్క యూనివర్సిటీ వాళ్ళు. ఆ ఇద్దరూ సముద్రం దాటి డబ్లిన్‌లో కొట్టుకుంటారట, కానీ అది మాకు హోం గేమేనట. ఊరు రెండుగా చీలిపోయింది. ఆసమ్ మేడం వర్గం వాళ్ళు అక్కడ స్టేడియం పెద్దది, టీవీ వాళ్ళు డబ్బులిస్తారు, యూనివర్సిటీ పేరు ప్రపంచమంతా మోగుతుంది, పిల్లలు యూరప్ చూస్తారు అన్నారు. పాప్‌కార్న్ మామ్మ వర్గం వాళ్ళు ఏడాదికి ఊరికి నాలుగు రాళ్ళొచ్చేవి ఆ కాసిని శనివారాలే, అందులో ఒకటి ఎత్తుకుపోతే మోటెల్ వాళ్ళూ, టిఫిన్ హోటల్ వాళ్ళూ, పెరట్లో కార్లు పెట్టనిచ్చి డబ్బు తీసుకునే వాళ్ళూ ఏమైపోవాలి అన్నారు. "మా ఇంట్లో పండగని పక్కింట్లో చేసి, నన్ను టీవీలో చూడమంటారా?" అని మామ్మ ఆఫీసుకి వెళ్ళి మరీ అరిచింది. నా రూమ్మేట్ ఒకాయన వరంగల్ వాడు. వీసా నియమాలన్నీ కంఠతా వచ్చు కాబట్టి ఆయన్ని స్టాంపింగ్ అన్న అనేవాళ్ళం. ఆయన సంగతంతా విని, "గిది డెస్టినేషన్ వెడ్డింగ్ లెక్క ఉంది ర భై. పిల్ల మనదే, పిలగాడు పక్కూరోడే, పెండ్లి మాత్రం సముద్రం అవతల. మర్యాదలు చేసుడంత ఆడపెండ్లోల్లదే, చుట్టాలు మాత్రం ఒక్కరు రారు" అని తేల్చేశాడు.

నేను సిగ్గు లేకుండా లాభాల వర్గంలో చేరిపోయాను. ఎందుకంటే జట్టుతో పాటు దున్నపోతు కూడా వెళ్ళాలి! విమానం టికెట్టు, హోటలు, తిండి అన్నీ వాళ్ళవే. ఆ సాయంత్రమే అమ్మకి చెప్పాను. అమ్మ అపార్ట్‌మెంట్ అంతా చెప్పింది, లిఫ్టులో కొత్తగా కనపడ్డ వాళ్ళతో సహా. "మావాణ్ణి యూనివర్సిటీ వాళ్ళు యూరప్ పంపిస్తున్నారు" అంటే అది ఏ హోదాలో అని ఎవరూ అడగలేదు. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో నాకు శాలువా కప్పిన బొమ్మలు పెట్టారు. నాకా ప్రయాణం ఎంత కావాలనిపించిందంటే, క్లాసులో కూర్చుని నోట్స్ అంచున పచ్చటి కొండలు గీసుకునేవాణ్ణి.

మరి వీసా? అడక్కపోలేదండీ, అడిగాను. తప్పల్లా అడిగిన మనిషిలో ఉంది. జీవితంలో మొదటిసారి సీనియర్లని కాకుండా ఒక అమెరికన్‌ని అడిగాను. ఆసమ్ మేడం చాలా ఆశ్చర్యపోయి, "వీసానా? ఇది మన హోం గేమ్! హోస్టులం మనం. అన్నీ మేం చూసుకుంటాం" అంది. పుట్టినప్పటి నుంచీ ఏ దేశం వీసా కోసమూ లైన్లో నిలబడని మనిషి ఆవిడ. ఎంత ధీమాగా చెప్పిందంటే నాకూ నిజమే కదా అనిపించింది. స్టాంపింగ్ అన్నకి మాత్రం చెప్పలేదు. ఆయన వాల్‌మార్ట్‌కి వెళ్ళడానిక్కూడా ఏదో ఒక అడ్డంకి వెతికే రకం.

బయల్దేరడానికి వారం ఉందనగా, ఒక సాయంత్రం హాల్లో సూట్‌కేస్ సర్దుకుంటున్నాను. అన్న టీ కప్పుతో వచ్చి నిలబడ్డాడు.

"ఎటు పోతున్నవ్ ర?"

"ఐర్లండ్ అన్నా. ఆటకి."

"మంచిగుంది. వీసా ఎప్పుడొచ్చింది?"

"హోం గేమ్ అన్నా. హోస్టులం మనమే."

అన్న కప్పు కింద పెట్టాడు. నా మొహంలోకి చూశాడు. నేను వేళాకోళం ఆడటం లేదని అర్థమయ్యాక గోడకి ఆనుకుని, మెల్లగా జారి, కార్పెట్ మీద కూర్చుని, అక్కడి నుంచి పడుకుని నవ్వాడు. "ఎయిర్‌పోర్ట్ల ఆఫీసర్‌కి ఏం చెప్తవ్ ర? సార్, నేను మా ఇంటికే వచ్చిన అంటవా? స్కోర్‌బోర్డ్ చూపిస్తవా? పర్పస్ ఆఫ్ విజిట్ అని అడుగుతరు, దున్నపోతు అని రాస్తవా?" అని ఊపిరాడక చేతులు కొట్టుకున్నాడు. కాసేపటికి నా మొహం చూసి లేచి కూర్చుని, "ఇండియన్ పాస్‌పోర్ట్ ర అది. మనకి వీసా గావాలె. ఇప్పుడు అప్లై చేసినా టైమ్‌కి రాదు" అన్నాడు మెత్తగా. నాకు ఏడుపొచ్చింది. దాచడం దేనికి, ఏడ్చాను కూడా.

మర్నాడు ఆసమ్ మేడానికి చెబితే, నాకు తెలిసి మొట్టమొదటిసారి ఆవిడ ఆసమ్ అనలేదు. ఎవరెవరికో ఫోన్లు చేసింది. ఏ ఫోనుతోనూ పని జరగలేదు. చివరికి నా బదులు బ్యాండులో బాకా ఊదే అబ్బాయి వెళ్ళాలని తేల్చారు. ఆ వేషాన్ని నా చేతులతో నేనే మడిచి పెట్టెలో పెట్టాను, కొమ్ములకి పాత టీషర్టులు చుట్టాను. దున్నపోతుకి వీసా అక్కర్లేదు, లోపల ఉండే నాకే కావాలి. అది దర్జాగా విమానం ఎక్కి ఐర్లండ్ వెళ్ళిపోయింది. అమ్మకి రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే శనివారం వచ్చేసింది.

ఈలోగా పాప్‌కార్న్ మామ్మ తన పట్టు సాధించింది. ఆటని తీసుకుపోతే పోనీండి, స్టేడియం గేట్లు మాత్రం తెరవాల్సిందేనంది. ఊరి కోపం చల్లారుతుందని ఆఫీసు వాళ్ళు ఒప్పుకుని, పెద్ద తెర మీద ఆట చూపిస్తామన్నారు. టీవీ వాళ్ళు కూడా ఒక కెమెరా పెట్టారు, మధ్యలో ఊళ్ళో సంబరం చూపించడానికి. డబ్లిన్‌లో మధ్యాహ్నమైతే మాకు తెల్లారిన కాసేపటికే. జనం నైట్ ప్యాంట్లలోనే వచ్చేశారు. మామ్మ పొద్దున్నే పాప్‌కార్న్ వేయించింది. స్టాంపింగ్ అన్న గిన్నెడు ఉప్మా చేసుకొచ్చి దానికి పక్కనే పెడితే, పాప్‌కార్న్ కంటే ముందు అదే అయిపోయింది.

నేను పై మెట్టు మీద దిగాలుగా కూర్చున్నాను. తెర మీద నా దున్నపోతు కనిపించింది. బాకా అబ్బాయి మంచివాడేగానీ, అంత పెద్ద మైదానంలో బ్యాంకు క్యూలో నిలబడ్డట్టు నిలబడ్డాడు. పక్కన కూర్చున్న వాళ్ళు "మన దున్నకి ఒంట్లో బాగాలేదా?" అని గుసగుసలాడుకున్నారు. సరిగ్గా అప్పుడే మామ్మ మెట్లెక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుని స్టోర్‌రూమ్‌లోకి తీసుకెళ్ళింది. అక్కడ మూలన ఎప్పటిదో పాత దున్నపోతు తలకాయ ఉంది. ఒక కొమ్ము వంగిపోయింది, ఒక కన్ను ఊడిపోయింది, లోపల ఎలకలు కాపురం చేసిన వాసన. ఒంటికి ఏమీ లేదు. అన్న కారులోకి పరిగెత్తి, చలికాలం కోసం పడేసి ఉంచిన నా దుప్పటి తెచ్చి నాకు చుట్టాడు. మెరూన్ రంగు మీద అరచేతులంతేసి గులాబీ పువ్వులున్న దుప్పటి అది. "పోరా, దుమ్ము లేపు" అన్నాడు.

లేపాను. గులాబీల దున్నపోతు బయటికి రాగానే స్టేడియం ఘొల్లుమంది. అన్నా, మిగతా రూమ్మేట్లూ ఖాళీ ఉప్మా గిన్నెని డప్పు చేసి వాయించారు. నేను తీన్‌మార్ మొదలెట్టాను. నైట్ ప్యాంట్ల తాతలు, చంటిపిల్లల తల్లులు, మోటెల్ ఓనరు అంతా లైను కట్టి నా వెనక చేతులూపుతూ వచ్చారు. టీవీ కెమెరా అతను మా మీదికి గురిపెట్టి వదల్లేదు. సముద్రం అవతల పెద్ద తెర మీద మా ఊరేగింపు కనిపించడం, అక్కడి జనం కూడా లేచి ఎగరడం మా తెర మీద చూసి మాకు పిచ్చెక్కింది. ఆ ఊపులో ఉండగా దుప్పటి లోపల, జేబులో, నా ఫోన్ మోగింది.

నోరు విప్పకూడదన్న నియమం గుర్తుంది. కానీ మోగుతున్నది అమ్మ ఫోను. తలకాయ కిందనుంచి ఫోన్ లోపలికి దూర్చాను. దున్నపోతు ఫోన్ మాట్లాడటం మూడు దేశాల వాళ్ళు చూశారు.

"ఒరేయ్," అంది అమ్మ, "ఇందాకటి నుంచీ చూస్తున్నాను. ఆ మైదానంలో కర్రలా నిలబడ్డవాడు నువ్వు కాదని మీ నాన్నతో అంటూనే ఉన్నాను. ఇదుగో, ఈ గులాబీల దుప్పటి నేను బీసెంట్ రోడ్డులో గంటసేపు బేరమాడి కొన్నది. నువ్వసలు ఎక్కడున్నావు?"

"ఇక్కడేనమ్మా. యూనివర్సిటీలోనే. వీసా లేదు. హోం గేమ్ కదా అని..."

స్పీకర్‌లో నాన్న అందుకున్నాడు. "అయితే దేశం కాని దేశానికి దున్నపోతుని ఒక్కదాన్నే పంపావా?"

అవతల నవ్వులు వినపడ్డాయి, మా వాళ్ళవే కాదు, ఆట చూద్దామని అమ్మ పిలుచుకొచ్చిన అపార్ట్‌మెంట్ మొత్తానివీ. ఆ తరవాత నాన్న గొంతు సవరించుకుని, "సర్లే, ఆగిపోయావేం? బాగానే ఎగురుతున్నావు. కానీయ్" అన్నాడు. నాన్న నన్ను మెచ్చుకోవడం నాకు తెలిసి అదే మొదలు. ఆ ఎలకల వాసనలో, ఒంటికన్ను తలకాయ లోపల, నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మిగతా ఆటంతా ఎగురుతూనే ఉన్నాను. ఆట ఓడిపోయాం లెండి. ఆ సంగతి చాలామంది గమనించలేదు. ఇంటర్వెల్‌లో మామ్మ ఎప్పటిలాగే నోట్లోంచి స్ట్రా దోపింది. "ఆటని ఎక్కడికైనా పట్టుకుపోమను హనీ, నిన్ను మాత్రం వదిలి పొమ్మంటాను" అంది.

పెళ్ళయి, ఇప్పుడు మేం అమెరికాలోనే ఫ్రిస్కోలో ఉంటున్నాం. గ్రీన్ కార్డ్ లైనులో మా వంతు ఇంకా రాలేదు. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు కాబట్టి మా ఇంట్లో వీసా లేకుండా ఐర్లండ్ వెళ్ళగలిగినవాడు వాడొక్కడే (దున్నపోతు తరవాత). మొన్నొక ఆదివారం పొద్దున్నే వాడు నన్ను లేపాడు. టీవీలో ఎవరిదో హోం గేమ్ సముద్రం అవతల జరుగుతోంది. "నాన్నా, వాళ్ల హోం ఇక్కడ కదా, అక్కడ ఎందుకు ఆడుతున్నారు? దట్స్ సో వియర్డ్" అన్నాడు. లాభాలూ నష్టాలూ రెండూ చెబుతూ ఈ కథంతా చెప్పాను. వాడు నమ్మలేదు. సాక్ష్యంగా అటక మీది గులాబీల దుప్పటి దింపి, ఒంటికి చుట్టుకుని, సోఫా పక్కన తీన్‌మార్ వేసి చూపించాను. ఒక్క అడ్వర్టైజ్‌మెంటు అయ్యేసరికి మోకాళ్ళు పట్టేశాయి, ఊపిరి అందలేదు, దుప్పటితో సహా సోఫాలో కూలబడ్డాను. మా ఆవిడ వంటింట్లోంచి "చాల్లెండి సంబడం" అంది.

వాడు లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు. అందులో స్ట్రా ఉంది.

"స్ట్రా ఎందుకురా?" అన్నాను రొప్పుతూ.

"నువ్వు బఫెలో కదా నాన్నా," అన్నాడు, "యూ కాంట్ టేక్ ఆఫ్ ద హెడ్."

తలకాయ తీయకుండానే తాగాను.