కొండ మీద ఆపిన సీటు

సింగపూర్ సెంగ్‌కాంగ్‌లో మా బ్లాకులో చలికోట్లు ఎవరి సొంతమూ కావు. ఎవరో ఎప్పుడో కొంటారు, ఒక్క ప్రయాణానికి తొడుక్కుంటారు, ఆ తర్వాత అవి బీరువాకు అడ్డం. అందుకని డిసెంబరు సెలవుల్లో ఎవరు చలిదేశం వెళ్తే కోట్లు వాళ్ళింటికి చేరతాయి. నేను జపాన్ ఉత్తరాన ఆ చిన్న ఊరికి వేసుకెళ్ళిన కోటు టోవా పాయో పేట నుంచి మా బ్లాకులోకి వచ్చిన ఆంటీది. తాతల కాలంలో విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది. "మెల్లగా లాగమ్మా, జిప్పు రొసాక్" అని ఇచ్చింది. రొసాక్ అంటే మలయ్‌లో పాడైందని. అన్నట్టే జిప్పు సగం దాకా వచ్చి ఆగిపోయేది.

అవి ఐటీ మంచి ఊపు మీదున్న రోజులు. వన్-నార్త్‌లో మా ఆఫీసులో కొత్తవాళ్ళకు కుర్చీలు చాలేవి కావు. జపాన్‌లో ఆ ఊళ్ళో ఒక ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేర్ మొత్తం మార్చాలి, రెండేళ్ళ పని, టీమ్ లీడ్ నువ్వే అన్నారు. ముందు ఒక వారం వెళ్ళి చూసి, సోమవారం జవాబు చెప్పమన్నారు. అలాంటి అవకాశం కోసం నేను చాలా ఏళ్ళు కాచుకున్నాను. కానీ మా అమ్మాయికి ఆరేళ్ళు. జనవరిలో ప్రైమరీ వన్‌లో చేరాలి.

సంగతి చెప్పిన నిమిషానికే మా ఆయన "నువ్వెళ్ళు, పాపని నేను చూసుకుంటా" అన్నారు. కనీసం టీవీ కట్టేసైనా ఆలోచించలేదు. వద్దని ఉంటే పోట్లాడేదాన్ని. వెళ్ళమన్నందుకు మాత్రం ఏం చేయాలో తోచలేదు, లోపల మండింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. నా విషయంలో కప్పా నేనే, పామూ నేనే.

సెలవులు కదా అని వాళ్ళిద్దరూ కూడా నా వెంట వచ్చారు. ఆదివారం పొద్దున హోటల్ కిటికీలోంచి చూస్తే ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఊరి చివర చిన్న కొండ ఉంది, ఎక్కుదామనుకున్నాం. అంత ఎండ చూసి నేను మఫ్లర్ గదిలోనే వదిలేశాను. మా ఆయన గొడుగు కూడా పట్టుకొచ్చారు. ఎండ అంటే వేడి అని మా ముగ్గురికీ అంతగా అలవాటైపోయింది మరి.

బయటికొస్తే చెవులు తెగిపోయేంత చలి. దారి పక్క గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుకుని మెరుస్తోంది, అడుగు వేస్తే కరకరమంటోంది. మా అమ్మాయి ముఖం ఎత్తి ఎండలో కాసేపు నిలబడి చూసింది. "అమ్మా, ది సన్ స్పాయిల్ ఆల్రెడీ" అంది. నాకూ అలాగే ఉంది. కళ్ళు ఒకటి చెప్తుంటే ఒళ్ళు ఇంకొకటి చెప్తోంది, ఏది నమ్మాలో తెలియడం లేదు.

నాకు మోకాలు నొప్పి, వెనకబడ్డాను. ముందు వాళ్ళిద్దరూ నడుస్తున్నారు. ఆయన వంగి దాని బూటు లేసు కట్టారు, ముక్కు తుడిచారు, జేబులోంచి చాక్లెట్ తీసిచ్చారు. అది ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి "అమ్మా" అనలేదు. నేను లేకపోయినా జరిగిపోతుందని చూపించడానికే ఇద్దరూ కూడబలుక్కున్నారా అనిపించింది. నిశ్చింతగా ఉండాల్సింది పోయి ఏడుపొచ్చింది. వాళ్ళు ఇబ్బంది పడాలని కోరుకుంటున్నానా? ఏ తల్లయినా అలా కోరుకుంటుందా? ఏమీ అర్థం కాక అలా నడుస్తూనే ఉన్నాను.

పైకి చేరేసరికి అక్కడున్న ఒకే ఒక్క బెంచీ మీద ముసలి దంపతులెవరో కూర్చుని ఉన్నారు. మా అమ్మాయి పక్కన నిలబడి మూతి ముడుచుకుంది. కుడిచేతికి గ్లవ్ లేదు, వేళ్ళు ఎర్రగా కందిపోయాయి. ఆ గ్లవ్ బెంచీ పక్కన కట్టెకు తగిలించి ఉంది.

"ఏమైంది?" అన్నాను.

"నీకు సీటు చోప్ చేసిందిలే" అన్నారు మా ఆయన. సింగపూర్ హాకర్ సెంటర్లలో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి తిండి తెచ్చుకోవడానికి వెళ్తాం, ఎవరూ ముట్టుకోరు, అదే చోప్. మన ఊళ్ళో బస్సు కిటికీలోంచి కర్చీఫు వేసినట్టే. మా అమ్మాయి బెంచీ మీద గ్లవ్ పెట్టి, ఊరు చూద్దామని అంచు దాకా వెళ్ళిందట. ఆ ముసలివాళ్ళు దాన్ని ఎవరో పారేసుకున్నారనుకుని, పోగొట్టుకున్నవాళ్ళకు కనపడేలా తగిలించి కూర్చున్నారు.

"నువ్వు వాక్ సో స్లో, లెగ్ పెయిన్ కదా" అంది అది. "టిష్యూ లేదు. సో ఐ పుట్ గ్లవ్ లా."

దాని చెయ్యి తీసి కోటు లోపల నా పొట్టకు ఆనించుకున్నాను. నా ప్రాణం జిల్లుమంది.

మా ఆయన కింద ఊరి కప్పులకేసి చూస్తూ, "వెళ్ళనని నువ్వే అంటావేమోనని వారం నుంచీ చూస్తున్నాను" అన్నారు.

"మొదటి రోజే వెళ్ళమన్నది మీరే కదండీ."

"వద్దంటే నేను అడ్డుపడ్డానని ఎప్పటికీ అనుకుంటావని. నువ్వు లేకపోతే ఇంట్లో నా వల్ల కాదు. ఉండిపో."

వారం రోజులుగా నేను ఎదురుచూసిన మాట అదే. గుండె నిండిపోయింది. నిజానికి వెళ్ళాలా వద్దా అన్నది అంతటితో తేలిపోవాలి. దిగేటప్పుడు అమ్మాయి చెయ్యి ఇంకా నా కోటులోనే ఉంది, ఆయన గొడుగు చంకలో పెట్టుకుని మెల్లగా నా పక్కనే నడుస్తున్నారు. సగం దూరం వచ్చాక, "రేపు ఆఫీసుకు సరే, వెళ్తానని చెప్తాను" అన్నాను.

ఆయన ఆగిపోయారు. గొడుగు ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకుని తల ఊపారు.

రెండేళ్ళూ అక్కడ పనిచేసి వచ్చాను. ఉండిపొమ్మని ఆయన అనకపోయి ఉంటే నేను వెళ్ళేదాన్ని కాదు. ఎన్నిసార్లు చెప్పినా ఆ ముక్క ఆయనకు అర్థం కాలేదు. నాకైనా పూర్తిగా అర్థమైందని చెప్పలేను.