ఖాళీగా వదిలిన నాలుగో గడి

నా మనవరాలు మూడో తరగతి. పుస్తకం తెరిస్తే ఎక్కడా తడబడకుండా చదివేస్తుంది. నేను వేలిముద్ర మనిషిని. అది చదువుతుంటే వింటూ, మా ఆయన బతికుంటే ఎంత మురిసిపోయేవాడో అనుకునేదాన్ని. అలాంటిది టీచర్ గారు నన్ను బడికి పిలిపించారు.

"చదువుతుందండి. ఏం చదివావని అడిగితే మాత్రం చెప్పలేకపోతోంది" అన్నారు.

ఇలాగే ఉంటే రెండో తరగతి పిల్లల్లో కూర్చోబెడతారట. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. కొడుకూ కోడలూ రొయ్యలు ఒలిచే షెడ్డుకి పనికి వెళ్తే దీన్ని చూసుకునేది నేనే. అక్షరం రానిదాన్ని, దానికి అర్థమైందో లేదో ఎలా కనిపెట్టేది?

దారి కూడా టీచర్ గారే చెప్పారు. కాగితం మడిచి నాలుగు గడులు చేసి, చదివిన ఒక్కో వాక్యానికీ ఒక్కో గడిలో బొమ్మ వేయించాలి. అర్థం కానిచోట ఖాళీగా వదిలేయాలి. నేను నోరు మెదపకూడదు. ఆ ఆఖరిదే నాకు కష్టం.

ఆ సాయంత్రం పాఠం చదివింది. రైతు పొలానికి వెళ్ళాడు. నాగలి కట్టాడు. కొంగలు వాలాయి. రైతు సంతోషించాడు. అంతే పాఠం.

మొదటి గడిలో రైతు రొయ్యల మేత బస్తా వేసుకుని మోటార్ సైకిల్ మీద వెళ్తున్నాడు. రెండో గడిలో వేసిందేంటని అడిగితే నాగలి అంది. తీరా చూస్తే, చెరువులో నీళ్ళు చిమ్మే ఫ్యాను. మా ఊరి వరి మడులన్నీ రొయ్యల చెరువులయ్యాక పుట్టిన పిల్ల మరి. మూడో గడిలో కొంగల్ని డబ్బా కొట్టి తోలుతున్న మనిషి. నాలుగోది ఖాళీ.

"ఇందులో వెయ్యవేంటే?"

"కొంగలు రొయ్యల్ని తినేస్తాయి కదా మామ్మా. ఆయనెందుకు సంతోషపడ్డాడో నాకు తెలీలేదు."

నాకు తెలుసు. వయసులో నాట్లకి వెళ్ళినదాన్ని. నాగలి వెనకాల మట్టిలోంచి పైకొచ్చే పురుగుల్ని కొంగలు ఏరుకు తింటాయి. మాట నాలుక మీదే ఉంది. ఆగలేక పెన్సిల్ లాక్కున్నాను. అది నా చెయ్యి పట్టేసుకుంది.

"నువ్వేసేస్తే నాకు వచ్చేసిందనుకుంటారు టీచర్ గారు. తర్వాత పాఠానికి ఎవరేస్తారు?"

లోపలికి వెళ్ళాను, బయటికి వచ్చాను, తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను.

మర్నాడు బడిలో కుర్చీ చూపించినా కూర్చోలేదు. టీచర్ గారు కాగితం తీసుకుని, మోటార్ సైకిల్ బొమ్మ చూసి నవ్వారు. ఖాళీ గడి మీద వేలు పెట్టి అడిగారు. పిల్ల రొయ్యల సంగతి చెప్పింది.

"ఎక్కడ ఆగిపోయిందో ఇప్పుడు కనబడిందండి. ఇక మీరు చెప్పండి మామ్మగారూ" అన్నారు.

చెప్పాను, నాగలి పట్టినట్టు వంగి మరీ చూపించాను. పిల్ల ఆ ఖాళీ గడిలో కొంగ ముక్కున పురుగునీ, పక్కన నవ్వే రైతునీ వేసింది. టీచర్ గారు ఇంకో పాఠం ఇచ్చి, ఈసారి బొమ్మ లేకుండా చెప్పమన్నారు. పిల్ల కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత ఆగి ఆగి, తన మాటల్లోనే చెప్పింది. ఈ నెల ఇక్కడే ఉండనిద్దాం, తర్వాత చూద్దామన్నారు టీచర్ గారు.

ఆ 'చూద్దాం' నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. రోజూ అది చదవడం అవగానే, "ఏం కనబడిందే?" అని అడుగుతాను. ఒక్కోరోజు గబగబా చెప్పేస్తుంది. ఒక్కోరోజు ఏమీ కనబడలేదని చెప్పి, కాగితం తెచ్చుకుని మడతలు పెడుతుంది. అప్పుడు నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోతాను. దగ్గరుంటే నోరు ఊరుకోదు.