వైస్ మీద కొట్టిన కొబ్బరికాయ

ఇది జరిగినప్పుడే రాసుకోవాలనిపించింది. కానీ అప్పటికి నాకు అక్షరాలు రావు. చిన్నప్పుడు మా అమ్మ పొగాకు కూలికి పోతే, తమ్ముళ్లను ఎత్తుకుని ఇంట్లో ఉండడం నా వంతయింది. అరవై దాటాక ఇక్కడ అమెరికాలో, అమ్మాయి వాళ్లుండే చాండ్లర్‌లో మనవరాలిని తెలుగు క్లాసుకి తీసుకెళ్లి, బయట ఎండకి తాళలేక వెనక వరసలో కూర్చుంటూ నేర్చుకున్నాను. ఆ పిల్ల పుట్టకముందు సంగతి ఇది.

మా అల్లుడికి ఆఫీసు స్నేహితుల వల్ల వేట పిచ్చి పట్టింది. వాళ్లవి ఖరీదైన తుపాకులు. ఇతను దుకాణంలో అన్నిటికన్నా చవకది కొని, గ్యారేజ్‌లో తనే బాగుచేసుకున్నాడు. భుజానికి ఆనే చోట రబ్బరు మెత్త బిగించాడు. ఎవరో వాడి అమ్మేసిన దుర్భిణి పైన పెట్టాడు. ఊగులాడే ప్లాస్టిక్ పిడి లోపల జిగురు పోసి గట్టిపరిచాడు. చివరికి ట్రిగ్గర్ మీద పడ్డాడు. కంపెనీది మరీ బిగుతుగా ఉందని వేరే స్ప్రింగ్ తెప్పించి, మరలు తిప్పి వదులు చేశాడు.

"చూడండి అత్తయ్యా, వెన్నలా ఉంది," అని ఖాళీ తుపాకీ ట్రిగ్గర్ నొక్కి చూపించాడు. టక్‌మంది.

ఆ ఏడాది అతనికి లాటరీలో జింక వేట పర్మిట్ వచ్చింది. దసరా పండగల్లోనే పడింది. ఆయుధపూజ మర్నాడు తెల్లవారుతూనే కొండల్లోకి ప్రయాణం. ఈసారి మా అమ్మాయి కూడా వెళ్తానంది. సన్నటి దారి. ఆమె ముందు నడుస్తుంది, తుపాకీతో అతను వెనక.

సాయంత్రం గ్యారేజ్‌లో పూజ పెట్టాను. కారుకి, స్పానర్లకి, బల్ల మీద పడుకోబెట్టిన తుపాకీకి బొట్లు పెట్టాను.

"పూలజడ కూడా వేసెయ్యమ్మా. నాకన్నా దాన్నే బాగా చూసుకుంటున్నాడు," అంది అమ్మాయి.

"జెలసీ!" అన్నాడు అల్లుడు. తుపాకీకి గడియలా ఉండే బోల్ట్ లాగి, లోపల తూటా లేదని మాకు చూపించి, మళ్లీ మూశాడు.

కాయ కొట్టడానికి రాయి లేదు. సామాను కదలకుండా పట్టి ఉంచడానికి బల్ల అంచుకి బిగించిన ఇనుప వైస్ మీద కొట్టాడు.

కాయ పగిలిన చప్పుడు వెంటే ఇంకో చప్పుడు. టక్.

తుపాకీ మీద ఎవరి చెయ్యీ లేదు. దాని గొట్టానికి ఎదురుగా అమ్మాయి హారతి పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది.

"ఏంటది?" అన్నాను.

"కొబ్బరి చిప్ప పడినట్టుంది."

"చిప్పలు రెండూ నీ చేతిలోనే ఉన్నాయి బాబూ."

అతను బోల్ట్ లాగి చూసి, మళ్లీ మూశాడు. ఎవరూ నొక్కకుండానే, ఆ అదురుకే ట్రిగ్గర్ జారిపోయింది. అయినా, "షూటింగ్ రేంజ్‌లో టెస్ట్ చేశాను అత్తయ్యా, పర్ఫెక్ట్‌గా ఉంది. నడిచేటప్పుడు ట్రిగ్గర్ కదలకుండా సేఫ్టీ వేసే ఉంచుతాను," అన్నాడు.

"మరి ఇప్పుడెందుకు వెయ్యలేదు?"

గొట్టాన్ని గోడవైపు తిప్పించి, ఇంకో కాయ తెచ్చి అతని చేతిలో పెట్టాను. కొట్టాడు. మళ్లీ టక్.

హారతి కర్పూరం ఆరిపోయింది. వెలిగించాలని ఎవరికీ తోచలేదు.

"పర్మిట్ ఈ వీకెండ్‌కే. మళ్లీ ఎప్పుడొస్తుందో," అన్నాడు అతను, ఎవరితోనో అన్నట్టు.

"నేను దాని ముందు నడవను," అంది అమ్మాయి. "నువ్వు ఒక్కడివే వెళ్లినా ఊరుకోను. అక్కడ ఇంకా మనుషులుంటారు."

అతను సొరుగులోంచి పాత స్ప్రింగ్ తీసి, బల్ల ముందు కూర్చుని విప్పడం మొదలుపెట్టాడు. అన్నం తినే వేళకి లోపలికి వచ్చి, "పాతదే పెట్టేశాను. మరలు కూడా కంపెనీ గుర్తుల దగ్గరికి తెచ్చేశాను," అన్నాడు. పరీక్ష చేశాడో లేదో చెప్పలేదు. తల దించుకుని తింటున్నవాణ్ణి అడగబుద్ధి కాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు వాళ్లకంటే ముందే లేచాను. దశమి పూజకి దాచిన కాయ పట్టుకుని గ్యారేజ్‌లో నిలబడ్డాను. అల్లుడు సామాను మోసుకొచ్చి, నన్ను చూసి ఆగాడు. తుపాకీ బల్ల మీద పెట్టి, ఖాళీ అని చూపించి, బోల్ట్ మూసి, సేఫ్టీ తీసి, గొట్టం గోడవైపు తిప్పాడు. చేతికున్న బలమంతా పెట్టి వైస్ మీద కొట్టాను. కాయ పగిలింది. అంతే. అతను సుత్తి తీసుకుని బల్లని గట్టిగా మోదాడు. తుపాకీ పలకలేదు.

ఇద్దరికీ బొట్టు పెట్టి పంపించాను. కారు మలుపు తిరిగాక, వైస్ మీద కొబ్బరినీళ్లు తుడిచి, తుప్పు పట్టకుండా కాస్త నూనె రాశాను.