పట్టుదుప్పటి యంత్రమూ, హాస్టల్ ట్యాంకూ

ఆ రోజుల్లో యంత్రాన్ని ముట్టుకోకుండా చదువుకున్నవాడే అసలైన ఇంజనీరు. సబ్బవరం దారిలో ఒక కాలేజీలో నేను కొత్తగా చేరిన కెమికల్ ఇంజనీరింగ్ లెక్చరర్ని. ఏడాది చూసి నచ్చితేనే ఉంచుకుంటామన్నారు. చెప్పవలసింది ప్రాసెస్ కంట్రోల్, అంటే నీళ్లమట్టమో వేడో అనుకున్నచోట కదలకుండా నిలబెట్టే విద్య. అందుకోసం ల్యాబులో ట్యాంకూ, పంపూ, కంట్రోలరూ అమర్చిన యంత్రం ఒకటి ఉండేది. ఉండేదంటే, మా శాఖాధిపతి దానికి పట్టుదుప్పటి కప్పి, ఆయుధపూజనాడు బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టి, మళ్లీ గదికి తాళం వేసేవారు. (సింహాచలం అప్పన్నయినా ఏడాదికోసారి నిజరూపంలో కనిపిస్తాడు. ఇక్కడ బొట్టు కూడా దుప్పటికే.) అందుకే ఆయన తాళం మాస్టారయ్యారు.

తాళంచెవి అడిగితే, "ముట్టుకుంటే పాడైపోతుందయ్యా, బోర్డు మీద చెప్పు. ఇంకోసారి అడిగితే వేరే కాలేజీ చూసుకో" అన్నారు. పాతపట్నంలో తాళాలు బాగుచేసే సాయిబుగారి అబ్బాయి మా క్లాసే. "ఒక్క నిమిషం పని సార్" అన్నాడు చిన్నగా. దొంగదారి వద్దు, పట్టపగలే ఎదిరిద్దామన్నాను.

క్లాసు మొత్తాన్నీ హాస్టల్ దగ్గరికి తోలుకెళ్లాను. డాబా మీది ట్యాంకులో వెదురుకర్ర నిలబెట్టి దానికి ఎర్రదారం కట్టాను. హాస్టల్లో కుర్రాళ్లు స్నానాలు చేస్తూ ఎంత వాడినా నీళ్లు ఆ దారం దగ్గరే నిలవాలి. సబ్బవరం రైతుబిడ్డ ఒకడు (తాటిచెట్టుకు తమ్ముడు) పైనుంచి నీళ్లు చూసి చెప్పే కన్ను. కింద, ట్యాంకులోకి నీళ్లు వదిలే వాల్వు తిప్పే చెయ్యి సాయిబుగారబ్బాయి. చిక్కల్లా ఏమిటంటే, ట్యాంకు పొంగితే నీళ్లు పోయే గొట్టం సరిగ్గా వాల్వు నెత్తినే ఉంది.

"తగ్గిపోతంది బావా, తిప్పు."

"తిప్పతన్నాన్రా."

"ఎక్కిపోతంది, కట్టీ."

"కట్టీసి సేనాసేపైంది, ఏటి సూత్తన్నావ్ నువ్వు?"

కబురు కిందికి చేరేసరికి నీళ్లు ఇంకోచోట ఉండేవి. భీమిలి కెరటాల్లా లేచాయి, పడ్డాయి, చివరికి గంగావతరణం జరిగింది. శివుడి స్థానంలో, గోల విని అప్పుడే వచ్చిన తాళం మాస్టారు.

"రేపట్నుంచి రాకు" అన్నారాయన, మీసం పిండుకుంటూ.

"అలాగేనండి. ఈ నీళ్లను దారం దగ్గర ఒక్కసారి సుద్దముక్కతో నిలబెట్టి చూపించండి, ఇప్పుడే వెళ్లిపోతాను" అన్నాను. అద్దె బకాయిపడ్డ గది కళ్లముందు మెదిలినా మాట వెనక్కి తీసుకోలేదు.

ఆయన కుర్రాణ్ణి పక్కకు నెట్టి వాల్వు పట్టుకున్నారు. బారెడు తిప్పారు. రెండో గంగ దిగింది. "కొంచెం తిప్పి ఆగండి మాస్టారూ, పైనుంచి కబురు రానివ్వండి" అన్నాను. ఈసారి గోరంత తిప్పారు. ఆగారు. ఇంకో గోరంత.

"నిలబడిపోనాది సార్" అన్నాడు పైనుంచి తాటిచెట్టు తమ్ముడు.

"కదలట్లేదు కదా? సరిగ్గా చూడరా" అన్నారు మాస్టారు, వాల్వు వదలకుండానే. ఆ ముఖంలో అంత వెలుగు ఏ ఆయుధపూజకూ చూడలేదు. కాసేపటికి మొలతాడు నుంచి తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టారు. "దుప్పటి మాత్రం జాగ్రత్తయ్యా."

ఇప్పుడు మేముంటున్న కూర్మన్నపాలెం ఇంట్లో పంపుకు, ట్యాంకు నిండగానే దానంతటదే ఆపేసే మీట ఉండేది. దాన్ని నేను పీకేశాను. వాల్వు దగ్గర నేను, డాబా మీద మా ఆవిడ. "ఏటండీ, మళ్లీ పొంగిపోతంది" అని ఆవిడ అనేలోపే తడుస్తాను. తడిస్తే తడిశాను, ఆ మీట మాత్రం పెట్టించను. పైగా జుట్టు పలచబడింది గనుక ఈమధ్య తల తొందరగానే ఆరుతోంది.