నా దగ్గర ఆగిన కబురు

బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో మా ఇళ్ల వరుసకు పెద్దమనిషంటూ ఎవరూ లేరు. అయినా అయిదు రోజులకోసారి, ఏ మధ్యాహ్నమో చెప్పాపెట్టకుండా వచ్చే నీళ్లను పన్నెండిళ్లవాళ్లమూ పట్టుకునేవాళ్లం. మోటారు వేస్తే తప్ప నల్లాలో చుక్క రాలదు. బీడీలు చుట్టే చేతుల నిండా తంబాకు, ఫోను ముట్టుకోబుద్ధి కాదు. అందుకని ముందు చూసినామె కత్తెర పిడితో పక్కింటి గోడ మీద మూడుసార్లు కొడుతుంది. విన్నామె తన అవతలి గోడ కొడుతుంది. చీమలకు ఎవరు చెబుతారు, ఇదీ అంతే. ఈ ఏర్పాటు ఎవరు పెట్టారో నాకు తెలియదు.

నాది ఏడో ఇల్లు. పోయిన ఎండాకాలం కుడిపక్క ఇంటామె మీద నాకు ఒళ్లు మండింది. నా బీడీలు వదులుగా ఉన్నాయని కార్ఖానాలో తీసి పారేస్తున్న సంగతి ఆమె వరుసంతా చాటింది. నిజమే కాబట్టి మరీ మండింది. ఆ వారంలోనే ఎడమ గోడ మోగింది. మోటారు వేసుకున్నాను, డ్రమ్ము నింపుకున్నాను, కుడి గోడ జోలికి పోలేదు. ఆమె ఒక్కదానికే బుద్ధి చెబుతున్నాననుకున్నాను. ఆమె అవతల ఇంకో నాలుగిళ్లున్నాయన్న సంగతి, నమ్మండి, గుర్తే రాలేదు. ఆమె కూతురు కాన్పయి పది రోజులైందని మాత్రం తెలుసు. అది దాచి లాభం లేదు.

సాయంత్రం ఆమె ఖాళీ బకెట్‌తో వచ్చి, నల్లా ఇవాళ కూడా రాలేదా అని అడిగింది. నాకూ తెలియదన్నాను. పసిగుడ్డు ఏడుపు గోడలోంచి వినిపిస్తూనే ఉంది. రెండు బిందెల నీళ్లిచ్చాను, సిగ్గుతో చచ్చిపోతూ.

మళ్లీ నీళ్లొచ్చిన రోజు ఎడమ గోడ మోగలేదు. ఎడమ ఇంటామె చేతులు దులుపుకుంటూ నా గుమ్మం ముందు నుంచే కుడి ఇంటికి నడిచి వెళ్లింది. కిందటిసారి తాను గోడ కొట్టిన సంగతి ఆమెకు తెలుసు, అవతల అయిదిళ్లు ఎండిన సంగతీ తెలుసు. తిరిగొస్తుంటే ఆపి అడిగాను. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

"నీ మీద నాకేం రాగ్ లేదక్కా. నీ కాడ ఆగితే అయిదిండ్లు ఎండుతయ్. ఆడ బాలింత ఉన్నది గదా."

ఎవరూ కూర్చుని మాట్లాడుకోలేదు, నన్ను నిలదీయనూ లేదు. వరుస తనంతట తానే నన్ను తప్పించి దారి చేసుకుంది. తిట్టి ఉంటే ఇంత బాధపడేదాన్ని కాదు.

ఇప్పుడు నీళ్లొస్తే కబురు నన్ను దాటుకుని చివరి ఇంటిదాకా పోతుంది. ఆ తర్వాత నా కుడి గోడ మోగుతుంది. కొట్టేది ఆ బాలింత తల్లే. లేచి మోటారు వేసుకుంటాను. నేను కబురు చెప్పాల్సిన ఇల్లు ఒక్కటీ మిగలదు.